చెరువులోని ప్రాణికి ఏ లేబుల్? ఒక చేతిప్రతి కేస్ స్టడీ

నేపథ్యం

తెలుగు నవలల చేతిప్రతులను అచ్చుకు ముందు చదివి, రచయితలతో కూర్చుని సరిచేయడం నా వృత్తి. వెనక అట్ట మీద పరిచయ వాక్యాలు రాయడం, పుస్తకాన్ని ఏ జానర్ కింద ప్రకటించాలో తేల్చడం కూడా ఈ పనిలో భాగమే. ఇక్కడ చెప్పబోయేది అలా నా చేతికి వచ్చిన ఒక నవల సంగతి. రచయిత్రి అనుమతితోనే రాస్తున్నాను. ఆమె ఎవరో, నవల పేరేమిటో చెప్పను. ఊరు, పాత్రలు, కొన్ని సంఘటనలు మార్చాను. ఆ నవలలోని ప్రాణిని ఏలియన్ అనాలా, మాన్‌స్టర్ అనాలా అన్న చిక్కును, దాన్ని విప్పిన క్రమాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను.

కథ కోస్తాలో, ఉప్పుటేరు పక్కన రొయ్యల చెరువుల మధ్య నడుస్తుంది. రచయిత్రి ఆ చెరువుల దగ్గరే పెరిగిన మనిషి. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ల అర్ధరాత్రి హోరు, గట్టు మీద కాపలా గుడిసె, మేత ఎంత తిన్నాయో చూడడానికి నీళ్ళలోంచి పైకి తీసే చెక్ ట్రేలు, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగు, ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. నవలలో అలాంటి ఒక చెరువులో ఏదో చేరుతుంది. మొదట కుక్కలు మాయమవుతాయి. తరువాత ఒక కాపలాదారు శవమై తేలతాడు. కథ మూడింట రెండు వంతులు గడిచేవరకు ఆ ప్రాణి పూర్తిగా కనిపించదు. నల్లగా, తడిగా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని శరీరం, అంతవరకే తెలుస్తుంది. చివర నగరం నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చి, చాలా ఏళ్ళ కిందట ఏటిలో పడిన ఉల్కతో పాటు అది భూమి మీదికి వచ్చిందని వివరిస్తాడు. ఊరివాళ్ళు చెరువు తోడించి, డీజిల్ పోసి దాన్ని తగలబెడతారు.

వచ్చిన సమస్య

రచయిత్రి దీన్ని సైన్స్ ఫిక్షన్ అని పంపారు. ప్రచురణకర్త చదివి హారర్ అన్నారు. అచ్చుకు ముందు ప్రతి నవలనూ కొద్దిమంది పాఠకులకు ఇచ్చి చదివించడం నాకు అలవాటు. ఈసారి వాళ్ళను రెండు జట్లుగా విడదీశాను. ఒక జట్టుకు సైన్స్ ఫిక్షన్ అని, రెండో జట్టుకు హారర్ అని చెప్పి ఒకే ప్రతిని ఇచ్చాను.

సైన్స్ ఫిక్షన్ అనుకుని చదివినవారి ఫిర్యాదు: ఇన్ని అధ్యాయాలు గడిచినా ఆ ప్రాణి గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగరేమిటి? హారర్ అనుకుని చదివినవారి ఫిర్యాదు: ఇంత భయపెట్టి చివర ఉల్క అంటారా? రెండూ ఎదురెదురు దిక్కులవి. అయినా రెండు జట్లూ వేలు పెట్టి చూపించిన చోటు ఒకటే, ప్రొఫెసర్ అధ్యాయం. ఒక జట్టుకు అది మరీ ఆలస్యంగా వచ్చింది, మరో జట్టుకు అసలు రాకూడనిది.

లేబుల్ వ్యవహారం అమ్మకాల వాళ్ళు చూసుకునేదని, సాహిత్యానికి దానితో పని లేదని అనేవారున్నారు. ఈ అనుభవం తరువాత ఆ మాట నేను అసలే ఒప్పుకోను. అట్ట మీది రెండు మాటలు, ఒకే ప్రతిని చదివిన మనుషుల చేత రెండు వేర్వేరు పుస్తకాలు చదివించాయి.

గ్రంథాలయంలో ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విషయ శీర్షికల్లో మాన్‌స్టర్ల కథలకు ఒక శీర్షిక, మనుషులకూ గ్రహాంతరవాసులకూ ఎదురుపడే కథలకు ఇంకొక శీర్షిక ఉన్నాయి. ఒకే పుస్తకానికి రెండూ తగిలించవచ్చు. విషయ శీర్షిక పుస్తకంలో ఏముందో చెబుతుంది. పుస్తకాల దుకాణంలోని అరకు ఆ వెసులుబాటు లేదు, పుస్తకం ఒక్కచోటే నిలబడాలి. పుస్తక వ్యాపారులు వాడే బైసాక్ వర్గీకరణలో గ్రహాంతరవాసులతో పరిచయం అనేది సైన్స్ ఫిక్షన్ కింద ఒక ఉపవర్గం. హారర్ వేరే వర్గం. పిల్లల పుస్తకాల్లోనైతే మాన్‌స్టర్లకు సొంత వర్గమే ఉంది. అంటే అమ్మేవాడి లెక్కలో ఏలియన్ సైన్స్ ఇంటి మనిషి, మాన్‌స్టర్ కాదు. ఆ లెక్క దేని మీద ఆధారపడిందో తెలియకుండా మా ప్రాణిని ఎక్కడ నిలబెట్టినా అది ఊహ మీద చేసిన పనే అవుతుంది.

ముందుగా చేసినవి

ప్రచురణకర్త సూచననే మొదట పరీక్షించాను. పాఠ్యాన్ని ముట్టుకోకుండా సమస్య తీరితే అంతకన్నా కావలసింది లేదు. నవలలో ఎక్కువ భాగం భయమే కాబట్టి హారర్ అన్న పేరు అన్యాయమూ కాదు. ఉల్క వివరణను సగానికి తగ్గించి, కొత్త పరిచయ వాక్యాలు రాసి, మరికొందరి చేత చదివించాను.

ఇది నిలబడలేదు. తెలుగులో హారర్ అనే మాటకు సొంత చరిత్ర ఉంది. 1980లలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి నవలలకు వచ్చిన ఆదరణ తరువాత, హారర్ అనగానే మన పాఠకుడు చేతబడిని, ప్రయోగాన్ని, దాని వెనకున్న పగను వెతుకుతాడు. ఈ నవలలోనూ వెతికారు. ఒకరు పక్క చెరువు యజమానిని చివరిదాకా అనుమానిస్తూ చదివారు. ఎవరు చేయించారు అన్న ప్రశ్నకు జవాబు దొరకక నిరాశపడ్డారు. ఉల్క సంగతి పూర్తిగా తీసేస్తే ఎలా ఉంటుందని రచయిత్రిని అడిగాను. ఆమె ఒప్పుకోలేదు. చెప్పిన కారణం ఈ కేసు మొత్తానికి తాళం చెవి అయింది.

“వనామీ రొయ్య మనది కాదు కదండీ. ఎక్కడో పసిఫిక్ అవతలి తీరానిది. 2009లో మన దేశంలో అనుమతిచ్చాక మన చెరువుల్లో మనం పెట్టిన మేత తిని బతుకుతోంది. ఇంకా దూరం నుంచి వచ్చినదేదో అదే నీళ్ళలో ఎందుకు బతకకూడదు? నాకు నవల అక్కడే పుట్టింది” అన్నారు.

ఇది మాన్‌స్టర్‌ను ఊహించిన మనిషి మాట కాదని నాకు అప్పుడే అనిపించింది. ఈ ప్రాణి ఎలా బతుకుతుంది అన్నది ఆమె తొలి ప్రశ్న. కానీ ఆ ప్రశ్న నవలలో ఎక్కడా లేదు, ఆమె మనసులోనే ఉండిపోయింది.

తరువాత రెండు మాటలూ కలిపి సైన్స్ ఫిక్షన్ హారర్ అని వేయడం గురించి ఆలోచించాం. దీనికి గట్టి పూర్వోదాహరణ ఉంది. రిడ్లీ స్కాట్ 1979లో తీసిన ‘ఏలియన్’ ఈ రెండు ఇళ్ళలోనూ హక్కుగా కూర్చుంది. అయితే ఆ సినిమా ఎలా సాధించిందో దగ్గరగా చూస్తే మా నవలకు ఆ పేరు ఎందుకు నప్పదో అర్థమైంది. అందులో ప్రాణి జీవితచక్రం దశలుగా బయటపడుతుంది. గుడ్డు, దానిలోంచి ముఖానికి అతుక్కునే జీవి, మనిషి ఛాతీ చీల్చుకుని వచ్చే పిల్ల, చివరకు ఎదిగిన ప్రాణి. ప్రతి దశా జీవశాస్త్రపు సమాచారమే, ప్రతి దశా భయమే. కొన్ని కందిరీగలు గొంగళిపురుగు శరీరంలో గుడ్లు పెడతాయని తెలిసినవారికి ఆ భయం మరింత దగ్గరగా తగులుతుంది. ప్రేక్షకుడు తెలుసుకునే కొద్దీ భయపడతాడు. మా నవలలో భయం ఒక భాగంలో, తెలుసుకోవడం ఇంకో భాగంలో ఉన్నాయి. రెంటినీ కలిపే పేరు పెట్టినంత మాత్రాన పాఠ్యంలో అవి కలవవు.

అప్పుడు పాఠ్యంలోకే దిగాం. ప్రొఫెసర్‌ను ముందుకు జరిపి నవల మధ్యలో తెచ్చాం. ప్రాణికి కొన్ని నియమాలు పెట్టాం: ఉప్పు గీత దాటదు, పగలు బయటికి రాదు, మంటను చూస్తే వెనక్కి తగ్గుతుంది. నియమాలుంటే పాఠకుడు తర్కించగలడు, తర్కించగలిగితే సైన్స్ ఫిక్షన్ అవుతుందని మా వాదన. కాగితం మీద సబబుగానే కనిపించింది. ఆ ప్రతిని చదివినవారు మాత్రం ప్రాణి ఇప్పుడు మరింత దెయ్యంలా ఉందన్నారు.

1897 నాటి రెండు కథలు

నియమాలు పెడితే దెయ్యం ఎందుకు అయింది? దీనికి జవాబు కోసం నేను బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ను, హెచ్.జి. వెల్స్ ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ను పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చదివాను. రెండూ 1897లోనే పాఠకుల ముందుకు వచ్చాయి. డ్రాకులా పుస్తకంగా వెలువడిన ఆ ఏడాదే వెల్స్ నవల పత్రికలో సీరియల్‌గా వచ్చింది, మరుసటి ఏడాది పుస్తకమైంది. రెండింటిలోనూ బయటి నుంచి వచ్చినవాడు ఇంగ్లండ్ మీద పడతాడు. లండన్ ప్రమాదంలో పడుతుంది. రెండింటిలోనూ వచ్చినవాడి ఆహారం మనిషి రక్తమే. అయినా నూరేళ్ళకు పైగా ఒకడు మాన్‌స్టర్, ఇంకొకరు గ్రహాంతరవాసులు. ఈ తేడాను ఎవరూ తప్పు పట్టరు.

ఎక్కడినుంచి వచ్చారన్నది ఒక తేడానే. కానీ అంతకన్నా లోతైనది నియమాల స్వభావంలో ఉంది. డ్రాకులాకు నియమాలు లేవని కాదు, చాలా ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు మొదటిసారి పిలవనిదే లోపలికి రాలేడు. వెల్లుల్లి, శిలువ అతణ్ణి ఆపుతాయి. అద్దంలో ప్రతిబింబం ఉండదు. పారే నీటిని పోటు నిండిన వేళ, లేదా పోటుపాట్లు నిలకడగా ఉన్న వేళ తప్ప దాటలేడు. ఇవన్నీ పవిత్రానికీ అపవిత్రానికీ సంబంధించిన నియమాలు. అతని శరీరాన్ని ఎంత పరిశీలించినా ఇవి ఎందుకున్నాయో తేలదు.

వెల్స్ నవలలో దాడికి వచ్చిన అంగారకులకున్న నియమాలు శరీరానికి సంబంధించినవి. శిథిలమైన ఇంట్లో చిక్కుకున్న కథకుడు గోడ సందులోంచి వాళ్ళను రోజుల తరబడి చూస్తాడు. వాళ్ళకు జీర్ణాశయం లేదు, ఇతర ప్రాణుల రక్తాన్ని నేరుగా తమ నాళాల్లోకి ఎక్కించుకుంటారు. నిద్ర లేదు. పిల్లలు మొగ్గల్లా శరీరం నుంచే విడివడతాయి. చివరికి వాళ్ళను చంపేదీ జీవశాస్త్రమే: అంగారకుడి మీద బాక్టీరియా లేవు, ఇక్కడి బాక్టీరియాను తట్టుకునే శక్తి ఆ శరీరాలకు లేదు. రక్తం ఎక్కించుకోవడం గురించి రాసినచోట కథకుడికి ఒళ్ళు జలదరిస్తుంది. వెంటనే ఒక మాట చేరుస్తాడు. తెలివిగల కుందేలుకు మన మాంసాహారం కూడా ఇంతే అసహ్యంగా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలంటాడు.

ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అసహ్యాన్ని వెల్స్ దాచలేదు, తగ్గించనూ లేదు. అసహ్యం కలిగిన తరువాత కథకుడు ఏం చేస్తాడన్నది చూపించాడు. అతడు అవతలి ప్రాణి వైపు నుంచి ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

అమెరికన్ తత్త్వవేత్త నోయెల్ క్యారొల్ 1990లో హారర్ తత్త్వం మీద రాసిన పుస్తకంలో మాన్‌స్టర్‌ను గుర్తుపట్టడానికి పాత్రల స్పందనను చూడమంటాడు. హారర్‌లోని ప్రాణి ప్రమాదకరమైనది మాత్రమే అయితే చాలదు, అది అపవిత్రం కూడా కావాలి. చచ్చి బతికి ఉండడం, మనిషీ జంతువూ ఒకే ఒంట్లో ఉండడం లాంటివి మనం లోకాన్ని విభజించుకున్న గదులకు అడ్డం పడతాయి. అందుకే పాత్రలు దాన్ని చూసి భయపడడమే కాక రోత పడతాయి. ఇలాంటిది ఉండకూడదు అనుకుంటాయి.

ఈ రెండు చదువుల వెలుగులో మా చేతిప్రతి పరిస్థితి స్పష్టమైంది. ఉప్పు గీత, పగటి వెలుతురు, మంట: ఇవి స్టోకర్ తరహా నియమాలు. మేము తర్కం అనుకుని పెట్టినవి ప్రాణిని ఇంకా గట్టిగా మాన్‌స్టర్ గదిలోకి నెట్టాయి. ప్రొఫెసర్ చెప్పిన ఉల్క ఆ ప్రాణి ఎక్కడిదో చెప్పింది గాని, దాని ఒంటి గురించి ఏమీ చెప్పలేదు. పాత్రలు ఉల్క సంగతి తెలిశాక కూడా తెలియక ముందులాగే ప్రవర్తించాయి. జానర్‌ను తేల్చేది జన్మస్థలం అయితే ఉల్క ఒక్కటే సరిపోయేది. సరిపోలేదు.

ఫలించినది

రచయిత్రితో కూర్చుని ప్రాణి కనిపించే ప్రతి సన్నివేశం ముందు ఒకే ప్రశ్న వేశాం. ఇక్కడున్న మనిషి దీని గురించి ఏం తెలుసుకోగలడు? ప్రొఫెసర్‌కు తెలిసేది వద్దు, గట్టు మీద నిలబడినవాడికి తెలిసేది కావాలి అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, “కాపలావాడికి ఆక్సిజన్ సంగతి తెలుస్తుంది” అన్నారు.

చెరువుల సంగతి తెలియనివారి కోసం చిన్న వివరణ. పగలు నీటిలోని నాచు సూర్యరశ్మితో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఆ తయారీ ఆగిపోతుంది, శ్వాస మాత్రం సాగుతూనే ఉంటుంది. అందువల్ల నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నింటికన్నా తక్కువగా ఉంటుంది. మరీ తగ్గితే రొయ్యలు నీటి పైకి, గట్టు అంచులకు చేరతాయి. రాత్రంతా ఏరేటర్లు తిప్పేది అందుకే. కాపలాదారు ఉద్యోగంలో సగం దొంగల గురించి, సగం ఆ గాలి గురించి.

మొదటి ప్రతిలో, కాపలాదారు ఆ ప్రాణిని తొలిసారి చూసే ఘట్టం ఇలా ఉండేది: “అది నీళ్ళలోంచి లేచింది. ఆ వాసనకు అతనికి కడుపులో తిప్పింది. ఇలాంటిది లోకంలో ఉండకూడదు. వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తాడు.”

మార్చిన ప్రతిలో ఇలా అయింది: “కరెంటు పోయింది. ఏరేటర్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోయాయి. అతను టార్చి వేశాడు. రొయ్యలు గట్టు వారగా చేరుతున్నాయి. వాటి వెనక అది కూడా వచ్చింది. ఆ వాసనకు కడుపులో తిప్పింది. పరుగెత్తాలనుకున్నాడు గాని జనరేటర్ వేయాల్సింది తనే. వేశాడు. మూలనున్న ఏరేటర్ తిరగడం మొదలుపెట్టగానే అది గట్టును వదిలి అటువైపు జరిగింది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది. దీనికీ ఊపిరాడటం లేదు, అనుకున్నాడు.”

వాసన అలాగే ఉంది. కడుపులో తిప్పడం అలాగే ఉంది. భయం తగ్గలేదు, నిజానికి పెరిగిందని చదివినవారు చెప్పారు, ఎందుకంటే ఇప్పుడు అతను అక్కడినుంచి కదలలేడు. చివరి వాక్యంతో ఆ ప్రాణి ఇల్లు మారింది. ఊపిరి అవసరమైన ప్రాణి ఉండకూడనిది కాదు, ఉండడానికి కష్టపడుతున్నది. ఇక్కడ ఉల్క ప్రసక్తి లేదు. అది ఎక్కడినుంచి వచ్చిందో ఈ పేజీలో పాఠకుడికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఆ ఒక్క మార్పు మిగతా కథను తనంతట తానే లాక్కుపోయింది. మొదటి కాపలాదారు మరణానికి కొత్త కారణం దొరికింది. అతను ఏరేటర్ చక్రానికి చుట్టుకున్న వలను తీయడానికి నీళ్ళలోకి దిగాడు. ప్రాణి గాలి కోసం అక్కడికే వచ్చింది. పగ లేదు, వేట కూడా కాకపోవచ్చు. బతికున్న కాపలాదారు తెల్లవారుజామున మీటరులో చూసిన ఆక్సిజన్ అంకెను, ఆ ప్రాణి కనిపించిన చోటును మేత లెక్కల పుస్తకంలోనే ఒక పక్కన రాసుకోవడం మొదలుపెడతాడు. ప్రొఫెసర్ అవసరం తీరిపోయింది. ఆ పాత్రను తీసేశాం. ఉల్క ఒక ముసలాయన జ్ఞాపకంలో రెండు వాక్యాలుగా మిగిలింది.

ముగింపును రచయిత్రి సొంతంగా కనుక్కున్నారు. దాన్ని చంపే దారి ఇప్పుడు స్పష్టంగా ఉంది: ఒక రాత్రి ఆ చెరువులో ఏరేటర్లన్నీ ఆపేస్తే చాలు. కానీ పంట కూడా చస్తుంది. అప్పుల్లో ఉన్న యజమాని, నోట్సు రాసుకున్న కాపలాదారు, భర్తను పోగొట్టుకున్న స్త్రీ జనరేటర్ షెడ్డులో వాదించుకునే అధ్యాయం ఆ నవలలో అన్నింటికన్నా బాగుంది. “అది కావాలని చేయలేదమ్మా” అని కాపలాదారు అంటాడు. “మా ఆయన కూడా కావాలని చావలేదు” అంటుంది ఆమె. డీజిల్ పోసి తగలబెట్టే పాత ముగింపులో ఇలాంటి వాదనకు చోటే లేదు. మాన్‌స్టర్‌ను చంపాలా వద్దా అని ఎవరూ వాదించుకోరు, ఎలా చంపాలన్నదే మాట్లాడుకుంటారు. ఊపిరి, ఆకలి, అవసరం ఉన్నదాన్ని చంపడం గురించి మాత్రం జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇదే మలుపు ఒకే కథలో, ఒకే పాత్ర మనసులో జరగడం చూడాలనుకుంటే హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ చదవమని రచయిత్రికి చెప్పాను. 1936లో ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికలో వచ్చింది. అంటార్కిటికాలో దొరికిన ప్రాచీన ప్రాణులు మంచు కరిగి లేచి, పరిశోధకుల శిబిరాన్ని నాశనం చేస్తాయి. మనుషుల్లో ఒకరిని కోసి పరిశీలిస్తాయి. ఘోరమే. కానీ కథకుడు వాటి నగరపు గోడల మీది చిత్రాలు చదివి, ఆ తరువాత వాటి శవాలను చూసినప్పుడు, అవీ తనలాంటి పరిశోధకులేనని, తెలియని చోట నిద్రలేచి తమను తాము కాపాడుకున్నాయని గుర్తిస్తాడు. వాటిని మనుషులతో సమానంగా లెక్కిస్తాడు. ఆ ప్రాణులు నక్షత్రాల నుంచి వచ్చినవి. వాటిని చంపిన షాగాత్‌లు అనే బానిస జీవులు భూమి మీదే తయారైనవి. ఆ కథలో నిజమైన మాన్‌స్టర్ షాగాతే. దూరం నుంచి వచ్చినది ఆత్మబంధువైంది, ఇక్కడ పుట్టినది భీకరంగా మిగిలింది.

మన రాక్షసుల దగ్గర

మార్చిన ప్రతి చదివిన ఒక పెద్దాయన పెట్టిన అభ్యంతరం ఇక్కడ తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు పుస్తకాల నుంచి నేర్చుకున్న లెక్కలో అది పట్టలేదు. నవలలో ఊరివాళ్ళు ఆ ప్రాణిని రాకాసి అని పిలిచేవారు. “రాక్షసుడికి తల్లీ తండ్రీ ఉంటారు, వంశం ఉంటుంది, మాట ఉంటుంది. దీనికి ఏముంది?” అని ఆయన అడిగారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రావణుడు పులస్త్యుడి మనవడు, విశ్రవసుడి కొడుకు. తపస్సు చేసి వరాలు పొందాడు. ఘటోత్కచుడు భీముడికీ హిడింబికీ పుట్టినవాడు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుణ్ణి చూసి భయపడే తెలుగు పిల్లవాడు ఉండడు, మా ఇంటి మనిషే అనుకుంటాడు. మన రాక్షసుడు లోకపు అమరికలో భాగం. అతనికి లోకంలో చోటుంది, బంధుత్వముంది, అతనితో ఒప్పందం చేసుకోవచ్చు, శాపం తీరితే స్వర్గానికీ పోతాడు. క్యారొల్ కూడా ఈ సంగతి తన పద్ధతిలో గుర్తించాడు. జానపద కథల్లోని వికృత ప్రాణులు ఆ లోకానికి సహజమైనవి కాబట్టి అవి హారర్ కావంటాడు. మన పురాణాలకు ఇది మరింత బలంగా వర్తిస్తుంది.

కాబట్టి తెలుగులో రాసేవారి ముందు రెండు గదులు కాదు, మూడున్నాయి. లోకానికి అడ్డం పడే మాన్‌స్టర్, తనదైన మరో లోకం ఉన్న ఏలియన్, మన లోకంలోనే వంశవృక్షం ఉన్న రాక్షసుడు. ఊరివాళ్ళు రాకాసి అనగానే పెద్దాయన మూడో గది తలుపు తెరిచి కూర్చున్నారు. అది మాట్లాడుతుందని, ఏదో అడుగుతుందని ఎదురుచూశారు. మేము ఆ పేరు తీసేశాం. కాపలాదారు దాన్ని అది అనే అంటాడు. యజమాని మూలచెరువుది అంటాడు. ఈ చిన్న సవరణ తరువాత ఆ అభ్యంతరం మళ్ళీ రాలేదు.

లేబుల్, అట్ట

సైన్స్ ఫిక్షన్ నవల అని వేశాం. హారర్ అన్న మాటను పూర్తిగా వదిలేశాం. ప్రచురణకర్త కొంత వెనకాడారు, భయం అమ్ముడుపోతుందని ఆయన నమ్మకం. భయం ఎక్కడికీ పోలేదని, కుక్కలు మాయమయ్యే అధ్యాయం ఒక్క అక్షరం మార్చకుండా ఉందని చూపించాను.

చిత్రకారుడు మొదట పెద్ద తల, నల్లని పెద్ద కళ్ళతో ఒక ఆకారం గీసి తెచ్చారు. అది చూస్తే ఏలియన్ అని ఎవరైనా గుర్తుపడతారు. గుర్తుపట్టడమే ఇబ్బంది. చూడగానే తెలిసిపోయిన ప్రాణి గురించి కాపలాదారు ఇంకేం తెలుసుకోవాలి? చీకటి చెరువు, అందులో తిరుగుతున్న ఒకే ఒక్క ఏరేటర్, దాని చుట్టూ తెల్లని నురగ, అది చాలన్నాను. వెనక అట్ట మీద “చెరువులో ఏదో ఉంది” అన్న పాత వాక్యం తీసి, “తెల్లవారుజామున, ఏరేటర్లు ఆగినప్పుడే అది ఎందుకు వస్తుంది?” అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. మొదటి వాక్యం భయాన్ని అమ్ముతుంది. రెండోది కుతూహలాన్ని అమ్ముతుంది, అదీ భయంతో కలిపి.

నవల ఆడియోగా వచ్చినప్పుడు ఒక వేదిక దాన్ని దెయ్యాల కథల వరుసలో పెట్టింది. మార్చమని అడిగాం, చాలాకాలం మార్చలేదు. ఆ రోజుల్లో వచ్చిన అభిప్రాయాల్లో దెయ్యం ఎక్కడ, ఎవరు చేయించారు అన్న పాత ప్రశ్నలే మళ్ళీ కనిపించాయి. పుస్తకంగా చదివినవారి ఉత్తరాలు వేరేగా ఉన్నాయి. ఆ రాత్రి ఏరేటర్లు ఆపడం న్యాయమా అని రచయిత్రితో వాదించారు.

నేర్చుకున్నవి

ఇప్పుడు ఇలాంటి చేతిప్రతి వస్తే ప్రాణి వర్ణనను చివరగా చదువుతాను. కొమ్ములున్నాయా, కోరలున్నాయా, ఏ గ్రహం నుంచి వచ్చింది అన్నవి లేబుల్‌ను తేల్చవు. దాన్ని మొదటిసారి చూసిన పాత్ర తరువాతి అరపేజీలో ఏం చేస్తుందో ముందు చూస్తాను. పరుగెత్తుతుందా, మంత్రం చదువుతుందా, లేక భయపడుతూనే ఏదైనా గమనిస్తుందా. తరువాత నియమాలను విడదీస్తాను. ఈ ప్రాణిని ఆపేది దాని ఒంటి అవసరమా, లేక మన ఆచారాల్లోని నిషేధమా? రెండూ కలిసి ఉంటే రచయితను అడుగుతాను, చాలాసార్లు వాళ్ళకే అది తెలిసి ఉండదు. చివరి అధ్యాయంలో ప్రాణిని చంపేటప్పుడు ఎవరికైనా నష్టం జరుగుతుందా అన్నది మూడో పరీక్ష. ఏ నష్టమూ లేకుండా చచ్చే ప్రాణి దాదాపు ఎప్పుడూ మాన్‌స్టరే.

వివరణ అనేది బయటి నుంచి వచ్చే పండితుడి నోట పెట్టడం మన సైన్స్ ఫిక్షన్‌లో తరచుగా కనిపిస్తుంది. కథ జరిగే చోట పనిచేసే మనిషికి తన పని వల్ల తెలిసే విషయాలు ఎన్నో ఉంటాయి. వాటిని తవ్వితే ప్రొఫెసర్ అవసరం తగ్గుతుంది, పాఠ్యానికి ఊరి వాసనా వస్తుంది. ఈ రచయిత్రికి ఆక్సిజన్ లెక్క మొదటినుంచీ తెలుసు. నవలకు అది పనికొస్తుందని ఆమెకు తోచలేదు, అంతే.

ఈ పద్ధతి అన్నిచోట్లా వాడదగినది కాదు. ఫ్రెంచి విమర్శకుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో చెప్పినట్టు, కొన్ని కథలు జరిగినదానికి సహజమైన కారణం ఉందా, అతీతమైనదా అన్న సందిగ్ధం మీదే నిలబడతాయి. తేల్చిన మరుక్షణం కథ కూలిపోతుంది. అలాంటి చేతిప్రతి ఒకటి ప్రస్తుతం నా బల్ల మీద ఉంది. అందులో బావిలోంచి వినిపించేది ఏమిటో రచయితకే తెలియదు, తెలియకూడదు కూడా. దానికి ఊపిరినీ ఆకలినీ వెతకమని నేను చెప్పను. లేబుల్ దగ్గర ఉత్త నవల అని వేయమని ప్రచురణకర్తకు రాశాను.